ఐతారంలో ఫైనల్

నరసాపురం నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు సరదాకి వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు. అక్కడ చూడటానికి ఏముందని మా వీధిలో నలుగురూ ముందే అడిగారు. తిరిగొచ్చాక ఏం చూశావని ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

నేను ఫుట్‌బాల్ రిఫరీని. లీగ్ మ్యాచ్‌లు, క్వార్టర్ ఫైనల్స్, సెమీఫైనల్స్ లెక్కలేనన్ని ఆడించాను. ఫైనల్ మాత్రం జీవితంలో ఒక్కటీ ఆడించలేదు. ఎందుకంటే మా జిల్లాలో ఫైనల్స్ అన్నీ ఆదివారమే పెడతారు. ఆదివారం నేను విజిల్ ఊదను. వారంలో ఆరు రోజులు నన్ను ఎవరైనా పిలవవచ్చు, పరుగెత్తించవచ్చు, తిట్టవచ్చు. ఏడో రోజు దేవుడికి తప్ప ఎవరికీ దొరకను. మా నాన్న బ్రెడ్డు దుకాణం ఆదివారం తీసేవాడు కాదు. పక్కవాడు తీసి మేడ కట్టాడు. అయినా మా నాన్న తీయలేదు. నేను ఆ ఇంట్లో పెరిగాను.

మా క్రీడా సంఘం కార్యదర్శి ఒకసారి అందరి ముందూ, "గంటన్నరసేపు ఆడిస్తే దేవుడేమీ అనుకోడు లేవోయ్" అన్నాడు. ఆయన ఎదురుపడితే నేటికీ నమస్కారం పెట్టను. నా బదులు ఫైనల్స్ ఆడించే మనిషికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మోకాళ్ళు అరిగాయని, ఈ సంవత్సరంతో పరుగు ఆపేయమని డాక్టరు చెప్పాడు. అంటే ఫైనల్ లేకుండానే నా రిఫరీగిరీ ముగిసిపోవాలి.

అలాంటి రోజుల్లో డోర్నకల్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పాస్టరుగా ఉన్న దేవసహాయం ఒకప్పుడు మా ఊళ్ళో చదువుకున్నాడు, నాతో కలిసి ఆడాడు. వాళ్ళ సంఘం యువకులు పోటీలు పెట్టారు. ఫోన్ చేసింది ఆ పోటీల కార్యదర్శి.

"సార్, పాస్టర్ సాబ్ మీ పేరు చెప్పిండు. ఫైనల్‌కు మీరే అంపైర్. భూపాలపల్లి కాడ, ఐతారం."

ఫుట్‌బాల్‌లో అంపైర్ ఉండడని చెప్పబోయి ఊరుకున్నాను. ముందు అసలు సంగతి తేల్చుకోవాలి కదా. "ఆదివారం అయితే నేను రానండి" అన్నాను గట్టిగా. లైనులో గరగర మోత.

"సమజైంది సార్. ఐతారమే. పక్కా."

మా వైపు ఆకివీడు, అత్తిలి ఉన్నట్టే భూపాలపల్లి పక్కన ఐతారం అనే ఊరు ఉందనుకున్నాను. వేరే ఏ అర్థమూ నాకు తట్టలేదు. తట్టనందుకు నన్ను తప్పుపట్టేవాళ్ళు మా వైపు ఎవరినైనా ఆ మాట అడిగి చూడండి.

జనగామ

అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణలో సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు. నా భార్య మార్తమ్మ, నేను సికింద్రాబాదులో వాళ్ళ అక్కగారింట్లో ప్రార్థన చూసుకొని డోర్నకల్ రైలెక్కాం. ఆటకి భార్యను తీసుకెళ్ళడం నా పద్ధతి. ఇంటిల్లిపాదీ చాపేసుకు కూర్చుని చూడాల్సిన వినోదం ఫుట్‌బాల్. మా జిల్లాలో దాన్ని తాగుబోతుల పాలు చేశారు. మార్తమ్మ ఒక్కతే ఆడమనిషిగా కూర్చున్న మ్యాచ్‌లు ఎన్నో.

జనగామలో రైలు ఆగింది. ఆగి కదల్లేదు. దిగి చూస్తే పట్టాల మీద పొయ్యిలు. నా కళ్ళను నేనే నమ్మలేదు. రాళ్ళు పేర్చి, ఇంజను ముందు అన్నం వండుతున్నారు. వంటా వార్పు అంటారట, అదొక నిరసన. రాష్ట్రం ఒకటిగానే ఉండాలన్నది నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. ఆ సంగతి అక్కడ చెప్పలేదు, అంతే.

"రైలు ఎప్పుడు కదులుతుందండి?" అని ఒక కుర్రాణ్ణి అడిగాను.

"అండీ అండీ అంటే కదలదండి" అన్నాడు వాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. వాడికి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. ఎక్కడ కనబడినా గుర్తుపడతాను.

పొయ్యి దగ్గరున్న ముసలావిడ విస్తరాకు నా చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. మొఖం గుంజుకపోయింది."

"రైలు ఆపింది మీరే కదమ్మా."

"ఆపినోళ్ళమే పెడుతున్నం. తిను."

అన్నం మీద నీళ్ళలాంటిది పోసింది. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు తేలుతున్నాయి. పచ్చిపులుసట. "దీన్ని పొయ్యి మీద పెట్టడం మరిచిపోయారా?" అని అడిగాను. మా ఇంట్లో చారు మరగకపోతే పారబోస్తారు.

"పెట్టేది కాదు బిడ్డా గది. పెడితే పేరెట్ల ఉంటది?"

మార్తమ్మ రెండోసారి పోయించుకుంది. నేనూ తిన్నాను. కారానికి చెవులు మూసుకుపోయాయి. నోరు కాస్త కుదుటపడ్డాక, "అవ్వా, ఐతారం ఎంత దూరం?" అని అడిగాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దూరమేంది? ఇంకా నాలుగొద్దులున్నది."

"నాలుగు రోజులా? నడిచా?" అన్నాను.

"నడిచినా వస్తది, కూసున్నా వస్తది."

తర్వాత పక్కనున్నామె వైపు తిరిగి, "పాపం, ఆకలికి తల తిరిగినట్టున్నది, ఇంకింత బువ్వెయ్యి" అంది. బస్సులు లేని రోజుల్లో నాలుగు రోజుల ప్రయాణమంటే నమ్మక ఏం చేస్తాను? కూర్చున్నా వస్తుందంటే ఏదో ట్రాక్టరు దొరుకుతుందనుకున్నాను.

మానుకోట

పొయ్యిలు ఆర్పాక రైలు కదిలి మహబూబాబాద్ దాకా వెళ్ళి, ఇక వెళ్ళనంది. స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలకరు. మానుకోట అంటారు. రెండు పేర్లున్న ఊళ్ళో చిరునామా అడగడం ఎంత కష్టమో వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది. లాడ్జిలో దుప్పటి అడిగితే, "చలి లేదు కదా సార్" అన్నాడు. ఇవ్వలేదు.

మర్నాడు డోర్నకల్‌కి ఆటో మాట్లాడితే మనిషికి వంద రూపాయలు చెప్పాడు. ఇదేమిటయ్యా అంటే, "సమ్మె సార్, డీజిల్ గూడ సమ్మెలనే ఉన్నది" అన్నాడు. మాతో పాటు లంబాడీ తండాకు చెందిన దంపతులు ఎక్కారు. ఆవిడ చేతుల నిండా తెల్లటి గాజులు, రవిక మీద అద్దాలు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది వాళ్ళ భాష, మాతో మాట్లాడేది తెలుగు. మా పట్నాల్లో పిల్లలకు ఒక్క భాషే తిన్నగా రావడం లేదు.

"ఏడికి పోతున్నరక్కా?" అని ఆవిడ మార్తమ్మని అడిగింది.

"ఐతారం. ఫుట్‌బాల్ ఫైనల్‌కి."

"మేము ఐతారం అంగడికి పోతం. మేకలొస్తయి, గాజులొస్తయి, మస్తు జనం."

నాకు చాలా సంతోషం కలిగింది. అంత పెద్ద సంత జరిగే ఊరంటే మైదానం కూడా మంచిదే ఉంటుంది. "ఐతారంలో ఆడవాళ్ళు ఆట చూడటానికి వస్తారా?" అని అడిగాను.

"ఐతారం ఇంట్ల ఎవరుంటరు సార్?" అన్నాడు ఆవిడ భర్త.

అలాంటి ఊరు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. జీవితమంతా నేను చెబుతున్నది ఇదే కదా.

డోర్నకల్

డోర్నకల్‌లో వాళ్ళు పెద్ద గుడి అనే చర్చి ముందు ఆగిపోయాను. మా ఊళ్ళో చర్చి అంటే కోసుగా నిలబడిన గంట గోపురం, పొడుగు కిటికీలు. ఇక్కడ రాతి స్తంభాలు మండపంలో లాగా వరుసగా ఉన్నాయి, పైన గుమ్మటాలు ఉన్నాయి. లోపలికి చెప్పులు విడిచి వెళుతున్నారు. కాసేపు తప్పు చోటికి వచ్చామేమో అనుకున్నాను. మార్తమ్మ మాత్రం ఒక స్తంభానికి వీపు ఆనించి, "చల్లగా ఉందండీ" అని కూర్చుంది.

దేవసహాయం వచ్చి కౌగిలించుకున్నాడు. వాడి మాట పూర్తిగా ఇక్కడి మాట అయిపోయింది.

"వచ్చినవారా రత్నం. బంద్‌లున్నయి, రావనుకున్న."

"ఐతారానికి ఎప్పుడు బయలుదేరాలి?"

"ఐతారంనాడు పోతే అందదురా. శనారం పోయి ఆడ పండుకుందాం."

ఇంకో ఊరు మొదలయింది. "శనారం ఎక్కడుంది?" అన్నాను.

"శుక్రారం పక్కన" అన్నాడు వాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. వాడు నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఏందిరా? ఐతారం అంటే ఏమనుకున్నవు?"

"ఊరు."

"ఐతారం అంటే ఆదివారం రా."

మార్తమ్మ స్తంభం పట్టుకుని నవ్వింది. కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. జనగామ ముసలావిడ, ఆటోలో దంపతులు, అందరూ నాకు నిజమే చెప్పారు. నాలుగు రోజులు. కూర్చున్నా వస్తుంది. ఆదివారం సంత.

"ఆదివారం అయితే రానని ఫోన్లో చెప్పాను" అన్నాను.

"మా కార్యదర్శి, ఐతారం అయితేనే వస్తనన్నవని చెప్పిండు. ఎంత భక్తిపరుడని నేను గూడ మురిసిన."

కార్యదర్శిని పిలిపించాడు. ఆ మనిషి, "లైన్ల గరగర ఉండె సార్" అన్నాడు, అదేదో క్షమాపణ అయినట్టు. దేవసహాయం విశ్రాంతి దినం గురించి వాక్యం ఎత్తుకున్నాడు. ఆ వాక్యం నాకూ తెలుసన్నాను. ఆరాధన అయ్యాకే కదా, అన్నాడు. అయ్యాక కూడా ఆదివారమే, అన్నాను.

"మరి వెనక్కి పోతవా?"

"రైలేది? భూపాలపల్లి వచ్చి వాళ్ళ ముఖం మీదే చెబుతాను. ఫోన్లో చెబితే ఏమవుతుందో చూశాను కదా."

భూపాలపల్లి

శనివారం డోర్నకల్ జట్టుతో పాటు డీసీఎం వ్యానులో వెనక నిలబడి ప్రయాణం. చెట్ల మధ్య రోడ్డు, తర్వాత దుమ్ము, తర్వాత బొగ్గు దుమ్ము. మార్తమ్మ తెల్లచీర బూడిదరంగుకు తిరిగింది. ఈ జట్టు కెప్టెన్ ప్రకాశం, రైలు పట్టాల మీద పనిచేసే మనిషి. దారి పొడుగునా నాతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నేను ఆడించనన్న సంగతి వాడికి చెప్పే ధైర్యం దేవసహాయానికి లేదు. నాకు ఉంది. చెప్పాను. వాడు మిగతా దారంతా మాట్లాడలేదు.

ఆదివారం ఉదయం గనుల కాలనీ చర్చిలో ఆరాధన. బయటికి వచ్చేసరికి పక్క బడి మైదానం చుట్టూ చాపలు. తాతలు, బాలింతలు, చంటిపిల్లలు, డబ్బాల్లో మాంసం కూర. ఒకామె తలకాయ కూరని గంటెతో అందరికీ పంచుతోంది. ఎవరూ తాగి లేరు. నేను ఎన్నో ఏళ్ళుగా చూడాలనుకున్న మైదానం అది. అది ఆదివారమే రావాలా?

భూపాలపల్లి జట్టు కెప్టెన్ బాలు బొగ్గు గనిలో పనిచేస్తాడు, తండా నుంచి వచ్చినవాడు. నా మాట విని రెండు జట్లూ చుట్టూ మూగాయి.

"వేరేవాళ్ళతో ఆడించుకోండి" అన్నాను.

"వేరేటోళ్ళు లేరు సార్" అన్నాడు బాలు. "పోయినసారి మావోడు ఊదితే వాళ్ళు తన్నిన్రు. అంతకుముందు వాళ్ళోడు ఊదితే మేము తన్నినం. అందుకే ఆంధ్రాయన్ను పిలుద్దామనుకున్నం."

"ఎందుకు?"

"ఆంధ్రాయన మాకూ పడడు, వాళ్ళకూ పడడు. ఇద్దరికీ సమానం."

అందరూ తలలు ఊపారు. తమాషాకి అనలేదు. నా రూల్స్ పరిజ్ఞానం చూసో, నా పేరు విన్నారనో పిలవలేదు, ఇద్దరికీ గిట్టనివాడినని పిలిచారు. నా జీవితంలో పడ్డ మాటల్లో ఇది మొదటి మూడింటిలో ఉంటుంది.

తలకాయ కూర వడ్డించే ఆవిడ బాలు తల్లి. "గింత దూరమొచ్చి ఊదనంటడేంది? ఈయన పెండ్లికి పోయి బువ్వ తిననని కూసునే రకం" అంది. చాపల మీదివాళ్ళు నవ్వారు.

నేను చర్చిలోకి వెళ్ళి ముందు బెంచీ మీద కూర్చున్నాను. బయట పిల్లలు బంతి తన్నుతున్న చప్పుడు గోడకు తగులుతోంది. ఫైనల్ అక్కడే ఉంది, గోడకి అవతల. లేచి వెళ్ళి విజిల్ ఊదితే చాలు. మార్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఊదమని చెప్పను, ఊదొద్దని చెప్పను" అంది. "ఇంటికెళ్ళాక మాత్రం నా దగ్గర దిగులుపడకండి. చాలా ఏళ్ళు విన్నాను."

నేను లేవలేదు. ఎండ గోడ దిగేదాకా కూర్చున్నాను. చివరికి బాలు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఏసుప్రభువు పటం వైపు ఒకసారి చూసి దండం పెట్టాడు.

"సార్, మీ దేవునికి సోమారం నడుస్తదా?"

"నడుస్తుంది."

"మరి ఇంతసేపు చెప్పవేంది? రేపు బందున్నది, వాళ్ళు గూడ ఎటూ పోలేరు. మా ఇండ్లల్ల పండుకుంటరు. రేపు ఊదుండ్రి."

నన్ను సాగనంపకుండా ఆట జరిపే రోజునే మార్చుకున్న మనుషులను నేను అప్పుడే మొదటిసారి చూశాను. కృతజ్ఞత చెప్పాలనిపించింది. ఆంధ్రాయన మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

రోడ్డు

సోమవారం పొద్దున్నే మైదానానికి వెళితే మైదానం లేదు. బందు కోసం దిగిన పోలీసులు రాత్రికి రాత్రి గుడారాలు వేశారు. గోలుపోస్టుకి తాడు కట్టి లుంగీలు ఆరేశారు.

"పరేషాన్ గాకు సార్" అన్నాడు బాలు. "రోడ్డు మీద జాగ అడిగిన."

ఊరి ముందు పెద్దరోడ్డును బందువాళ్ళు ఆపేశారు. ఉద్యమంలో రోడ్డు మీద ఆటలు కూడా ఒక నిరసనేనట. ఒకచోట కబడ్డీ, ఒకచోట బతుకమ్మ. మధ్యలో మాకు చోటు ఇచ్చారు. తారుడబ్బాలు నాలుగు తెచ్చి గోలుపోస్టులు పెట్టారు. ఆడవాళ్ళు ముగ్గు డబ్బాలు పట్టుకుని వంగి, నేను చూపించిన చోటల్లా గీతలు వేశారు. బాలు తల్లి పెనాల్టీ ఏరియా మూలలో అలవాటుగా ఒక పువ్వు వేసింది. తుడిపించాను.

మెడలో గులాబీ కండువా వేసుకున్న పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. "అంపైర్ సాబ్, ఒక్కపారి జై తెలంగాణ అను, షురూ చేద్దాం."

"అననండి. నేను మీ ఉద్యమంలో లేను."

దేవసహాయం నా చెయ్యి పట్టుకున్నాడు. మార్తమ్మ లేచి నిలబడింది.

"రిఫరీ ఎవరికీ జై కొట్టడు" అన్నాను. "కొడితే ఇంకొకరికి అన్యాయం."

కండువా ఆయన, "సరే. నువ్వు విజిల్ల ఉండు. ఉద్యమంల మేముంటం" అని పక్కకి జరిగాడు.

విజిల్ ఊదాను. తారురోడ్డు మీద పరుగెత్తితే మోకాళ్ళకు ఏమవుతుందో డాక్టరుకు చెప్పనవసరం లేదు. మొదటి సగంలో ప్రకాశం ఒక గోలు కొట్టాడు. రెండో సగంలో బాలు సమం చేశాడు. బాలు తల్లి ముగ్గు గీత దాటి వచ్చి, "వాని కాళ్ళిరగ్గొట్టురా" అని అరిచింది. ఆట ఆపి, పసుపు కార్డు తీసి ఆవిడకి చూపించాను. రెండు వైపులా జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కార్డు చేతిలోకి తీసుకుని చూసి, "గిదేంది, రేషన్ కార్డా?" అని తిరిగి ఇచ్చేసింది. కుటుంబాలు చూసే ఆటలో తిట్లు ఉండకూడదు, అది నా నియమం. కుటుంబాలే తిడితే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆట ముగియడానికి కొంచెమే ఉండగా భూపాలపల్లికి కార్నర్ కిక్ వచ్చింది. అప్పుడే డోర్నకల్ గోలు వెనక హారన్ మోగింది. ఒక తెల్లకారు, మా జిల్లా నంబరు. జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి ఆగింది. నడుపుతున్న ఆయన కిటికీ దించాడు. వెనక సీట్లో భార్య, ఇద్దరు పిల్లలు.

"ఏవండీ, ఇదేం ఆట? దారి ఇవ్వండి. పెళ్ళికి వెళ్ళాలి" అన్నాడు.

"కాసేపు ఆగాలండి" అన్నాను.

నా మాట విని ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "మీరు ఎక్కడివారు?"

"నరసాపురం."

"ఆయ్. మాది పాలకొల్లు." ఆయన ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత అసహ్యం. "మనవాళ్ళయి ఉండి, వీళ్ళతో చేరి మన దారే ఆపుతున్నారా? సిగ్గుండాలండి."

ఆ మాటకి జవాబు నా దగ్గర చాలా ఉంది. నేను వీళ్ళతో చేరలేదు. జై కొట్టలేదు. నిన్నటి నుంచీ నన్ను ఆంధ్రాయన అంటున్నారు. నా అభిప్రాయం మారలేదు. అయినా ఆయన చెప్పింది నిజమే: ముగ్గు గీత ఇవతల నిలబడి రోడ్డు ఆపుతున్నది నేనే.

బాలు బంతి చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. మెల్లగా అడిగాడు. "సార్, మీవోళ్ళయితే చెప్పుండ్రి, పంపిద్దాం. డబ్బాలు జరుపుతం. కాకపోతే వెనక బండ్లన్ని వస్తయి. ఇగ ఆట ఉండది."

కండువా ఆయన చూస్తున్నాడు. ప్రకాశం నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. చాప మీద మార్తమ్మ చూస్తోంది. కారులో పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి ఆట చూస్తున్నారు.

నేను కారు ముందుకి వెళ్ళి, వంగి చూశాను.

"కారు వెనక్కి తీయండి" అన్నాను. "మీ ముందు చక్రం గోలు గీత మీద ఉంది."

ఆయన కిటికీ ఎక్కించాడు. తర్వాత వెనక్కి తీశాడు. చెరిగిన చోట బాలు తల్లి మళ్ళీ ముగ్గు పోసింది. నేను చెయ్యి ఎత్తి, కార్నర్ కిక్‌కి విజిల్ ఊదాను.